తిరగలి దగ్గర మిగిలిన మనిషి

“కళ్లజోడు లేకుండా మా బుల్లి గుమ్మం కూడా దిగలేదక్కా. ఏ లారీ కిందో పడుంటుంది. లేకపోతే మూత లేని ఏ కాలవలోనో...”

స్కూటరు ఇంకా కదలనే లేదు. ఆ మాట అనడం నాకది మూడోసారి. ఆరా అక్క హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, “కళ్లజోడు అక్కడే ఉందని ఎవరు చెప్పారు?” అంది.

“సంఘపెద్దగారు. ఫోన్ చేసి వందనాలు చెప్పి, ‘సంతోషించమ్మా, మీ అమ్మాయి ఎత్తబడింది. బట్టలూ చెప్పులూ కళ్లజోడూ ఇక్కడే మిగిలాయి’ అన్నారు.”

“సంతోషించావా?”

“ఫోన్ కింద పడేశాను.”

ఆవిడ అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇరవై ఏళ్లు పనిచేసింది. చనిపోయారని కాగితం వచ్చినవాళ్లు నిజంగా చనిపోయారో లేదో ఆరా తీయడం ఆవిడ ఉద్యోగం. అది మానేశాక ఊళ్లో వాళ్లకి ఆరాలు తీసి పెడుతోంది. అందుకే ఆరా అక్క అయింది. చనిపోయారన్నవాళ్లు పక్క వీధిలో అన్నం తింటూ దొరికిన కథలు ఆవిడ దగ్గర బోలెడు. ఆ పొద్దున నేను ఆ కథల కోసమే ఆవిడ తలుపు కొట్టాను.

దారిలో జరిగింది చెప్పాను. మా మందిరంలో అంత్యదినాల గురించి ముప్పై ఏళ్లుగా బోధించేది చార్టు మాస్టారు. బంగారు తల, వెండి రొమ్ము, మట్టీ ఇనుమూ కలిసిన పాదాలు ఉన్న ప్రతిమ, నాలుగు మృగాలు, ఏడు బూరలు అన్నీ పెద్ద పెద్ద గుడ్డల మీద బొమ్మలేయించి, బెత్తం పట్టుకుని పాఠం చెప్పినట్టు చెబుతారు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక బొమ్మలు మా బుల్లి వేస్తోంది. ప్రభువు వచ్చినప్పుడు నిజమైన విశ్వాసులు ఉన్నచోటునుంచి ఉన్నట్టే ఆకాశంలోకి ఎత్తబడతారని, మిగతావాళ్లు శ్రమల కాలంలో ఘోరమైన కష్టాలు పడుతూ మిగిలిపోతారని మాస్టారి బోధ. ఈ వచ్చే ఆదివారమే ఆ రోజని ఆయన లెక్క. ఆ పొద్దున అందరం క్వారీ గుట్ట ఎక్కాలి. తిండి వద్దు, నీళ్లు వద్దు, మందులు వద్దు. చంటిపిల్లలతో సహా అక్కడే కనిపెట్టుకుని ఉండాలి.

మా బుల్లి తెల్లారకుండానే కొత్త చార్టు పూర్తి చెయ్యాలని మందిరానికి వెళ్లింది. ఏడింటికి సంఘపెద్ద చార్టుల గది తలుపు తీస్తే పిల్ల లేదు. బట్టలున్నాయి.

“నీకేమనిపిస్తోంది?” అక్క అడిగింది.

“చచ్చిపోయిందేమోనని ఒక భయం. నిజంగానే ఎత్తబడిందేమోనని ఒక భయం. అదే నిజమైతే నేను మిగిలిపోయినట్టేగా. రెండింట్లో ఏది పెద్ద భయమో తెలీడం లేదక్కా.”

అక్క మలుపు దగ్గర హారన్ మాత్రం కొట్టింది.

*

మందిరం నిండిపోయి ఉంది. మైకులో పాట. నన్ను చూడగానే ఆడవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు. ఒకావిడ నా రెండు చేతులూ పట్టుకుని, “ధన్యురాలివమ్మా,” అంది. ఆమె వెనకావిడ నన్ను ఎగాదిగా చూసి, “మరి తల్లి ఎందుకు మిగిలింది చెప్మా,” అని పక్కావిడతో అంది. గొంతు తగ్గించే అంది గానీ, నాకు వినపడేంతగానే తగ్గించింది.

చార్టుల గది గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. అక్కని చూడగానే టోపీ సర్దుకున్నాడు. కిందటేడు కాలవలో మునిగి చనిపోయాడని ఆయన రాసి కేసు మూసేసిన మనిషిని, అక్క మూడు వీధుల అవతల టీ కొట్టులో గ్లాసులు కడుగుతుండగా పట్టుకొచ్చి ఆయన బల్ల ముందు కూర్చోబెట్టింది. అప్పట్నుంచి ఇద్దరికీ పడదు.

“రండి మేడమ్. ఈసారి ఎవరు బతికున్నారు?”

“అదే మిమ్మల్ని అడుగుదామని వచ్చాను. ఎవరు చచ్చారని రాశారు?”

“చావుల్లేవు, ఎత్తబడటాల్లేవు. పంతొమ్మిదేళ్ల పిల్ల. బట్టలు మార్చుకుని ఎవడితోనో వెళ్లిపోయింది. బస్టాండుకి మనుషుల్ని పంపాను. సాయంత్రానికి ఇద్దర్నీ తెచ్చి ఈ తల్లికి అప్పజెబుతాను.”

“ఎవరా అబ్బాయి?”

“దొరికాక తెలుస్తుంది.”

“బాగుంది,” అంది అక్క. “దేవుడొచ్చాక తెలుస్తుందని వాళ్లంటున్నారు, అబ్బాయి దొరికాక తెలుస్తుందని మీరంటున్నారు. పక్కకి జరగండి.”

ఇన్‌స్పెక్టర్ జరగలేదు. అక్క ఆయన మోచేతి పక్కనుంచి దూరి లోపలికి వెళ్లింది. వెనకే నేను.

చిన్న గది. రంగుల డబ్బాలు, బ్రష్షులు నానేసిన మగ్గు, గోడకి చుట్టలు చుట్టి నిలబెట్టిన పాత చార్టులు. మధ్యలో కుర్చీ. కుర్చీలో నా కూతురి నీలం డ్రెస్సు, మనిషి కూర్చుని కరిగిపోయినట్టు. భుజాల మీద చున్నీ. కింద చెప్పులు. చెప్పుల పక్కన కళ్లజోడు. నేను గోడ పట్టుకున్నాను. ఆ డ్రెస్సు చేతులు కుట్టింది నేనే. ఒక చెయ్యి కాస్త పొట్టి అయిందని అది వారం రోజులు సణిగింది.

అక్క వంగి కళ్లజోడు చూసింది, ముట్టుకోలేదు. “దీని కాళ్లు రెండూ మడిచి ఉన్నాయి. మనిషి ఉన్నపళంగా మాయమైతే కళ్లజోడు తనంతట తాను మడుచుకుంటుందా?” తర్వాత చున్నీ కొస ఎత్తింది. “పిన్నీసు పెట్టి ఉంది. కానీ చున్నీకి మాత్రమే. డ్రెస్సుకి లేదు. విప్పి, మళ్లీ పెట్టి, పైన పరిచారు.” ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, “లోపలి బట్టలేవీ?” అంది.

ఆయన గోడ వైపు చూశాడు. నాకు సిగ్గేసింది.

“దేవుడు లోపలి బట్టలతో తీసుకెళ్లి పైబట్టలు వదిలేశాడంటారా? వేరే ఏదో వేసుకుంది. ఏముండేదమ్మా ఇక్కడ?”

గోడకున్న మేకు చూశాను. ఖాళీగా ఉంది. “రంగులేసేటప్పుడు వేసుకునే పాత నైటీ ఉండేది. మురికిది. రంగు మరకలు.”

“నైటీతో బస్సెక్కుతుందా నీ కూతురు?”

“చస్తే ఎక్కదు,” అన్నాను, అనేసి నాలిక కరుచుకున్నాను.

“విన్నారుగా,” అంది అక్క. “చెప్పుల్లేకుండా, కళ్లజోడు లేకుండా, నైటీతో. ఈ పిల్ల రోడ్డు దాటలేదు. బస్టాండు నుంచి మీవాళ్లని వెనక్కి పిలిపించండి.”

“పిలవను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “కొత్త బట్టలు, కొత్త కళ్లజోడు ఆ అబ్బాయి తెచ్చుంటాడు.”

“కళ్లజోడు రెండోది చేయించడానికి నెంబరు కావాలి. ఆ నెంబరు నాకే గుర్తుండదు,” అన్నాను నేను. పోలీసాయనకి ఎదురు చెప్పడం నా జన్మలో అదే మొదలు. ఆయన మళ్లీ టోపీ సర్దుకున్నాడు.

ఒక చార్టు మాత్రం చట్రానికి బిగించి గోడవైపు తిప్పి పెట్టి ఉంది. అక్క దాన్ని మెల్లగా ఇటు తిప్పింది. రంగు ఇంకా తడిగా ఉంది, ఆవిడ వేలికి గోధుమరంగు అంటుకుంది.

ఇద్దరు ఆడవాళ్లు తిరగలి విసురుతున్న బొమ్మ. కడవరి దినాన ఇద్దరు తిరగలి దగ్గరుంటే ఒకామె తీసుకుపోబడుతుంది, ఒకామె మిగులుతుంది అనే మాటకి వేసింది. మాస్టారి చార్టులన్నిట్లోనూ తీసుకుపోబడినామె తెల్లబట్టల్లో మేఘాల్లో ఉంటుంది, మిగిలినామె చీకట్లో ఏడుస్తూ ఉంటుంది. ఇందులో పైన పెన్సిలుతో గీసిన మేఘాలు చెరిపేసి ఉన్నాయి. తీసుకుపోబడినామె బురదనీళ్లలో కొట్టుకుపోతోంది. మిగిలినామె వెలుతుర్లో తిరగలి పిడి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక చిన్నగా నోవహు ఓడ.

“ఇదేంటి, తలకిందులుగా వేసింది,” అన్నాను. మాస్టారు చూస్తే బుల్లిని గెంటేస్తారని అప్పుడూ భయపడ్డాను. ఎక్కడుందో తెలియని పిల్లని ఎక్కణ్ణుంచి గెంటుతారో ఆలోచించలేదు.

“దీని గురించి ఎప్పుడైనా మాట్లాడిందా?”

“రాత్రి అన్నం తినేటప్పుడు అడిగింది. ‘అమ్మా, జలప్రళయం ఎవర్ని తీసుకుపోయింది? మంచివాళ్లనా చెడ్డవాళ్లనా?’ అని. చెడ్డవాళ్లనే కదా అన్నాను. ‘మరి ఆ మాట చెప్పాకే కదా, ఇదీ అలాగే ఉంటుందని ప్రభువు తిరగలి సంగతి చెప్పింది. అలాంటప్పుడు తీసుకుపోబడేవాళ్లు ఎవరవుతారు?’ అంది. నాకేం తెలుసు, ముద్ద చల్లారిపోతోంది తిను అన్నాను. పొద్దున బొమ్మ దగ్గర కూర్చుని తేల్చుకుంటానంది.”

అక్క చాలాసేపు ఆ బొమ్మనే చూసింది. “అంటే ఈ తేల్చుకోవడం ఈ పొద్దునే జరిగింది. ఈ గదిలో,” అని చార్టుని మళ్లీ గోడవైపు తిప్పేసింది. “నువ్విది చూశావని ఎవరితోనూ అనకు.”

*

ముందుగా సంఘపెద్దని పిలిచింది. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

“తలుపు తీసింది నేనే. కుర్చీ చూడగానే మోకాళ్ల మీద పడ్డాను. మళ్లీ తలుపు వేసి ఎవర్నీ రానివ్వలేదు.”

“చార్టులేమైనా చూశారా?”

“చార్టులు చూసే స్థితిలో ఉన్నానా నేను?”

“ఒక్క సందేహం తీర్చండి. నాకు వాక్యం అంతగా తెలీదు. తిరగలి దగ్గర ఇద్దరుంటే, అదృష్టవంతురాలు ఎవరు? వెళ్లినామా, మిగిలినామా?”

“ఇంకా అడగాలా? వెళ్లినామె. అందుకే కదా బయట అందరూ ఏడుస్తున్నారు, మేమెందుకు మిగిలామని.” ఆయన లేచాడు. “మళ్లీ బాప్తిస్మం ఇమ్మని పట్టుబడుతున్నారు. మాస్టార్ని అడిగితే పలకలేదు, వద్దనలేదు కదా అని ఏర్పాట్లు చేయిస్తున్నాం. నాకు పనుంది.”

తర్వాత మాస్టారి భార్య వచ్చింది. అందరం అమ్మగారు అంటాం. నెమ్మదైన మనిషి. షుగరు బాగా ఉంది. కుర్చీ అంచున కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

“రాత్రి ఇంజెక్షన్ లేక ఒంట్లో బాలేదు. ఏడున్నరకి గానీ లేవలేదు,” అంది.

“ఇంజెక్షన్ ఎందుకు లేదు?”

“ఆయన తీసుకెళ్లి పారేశారు. ఆదివారం తర్వాత అవసరం ఉండదుగా అన్నారు.”

నేను అక్క వైపు చూశాను. అక్క మొహం మాత్రం మారలేదు. “బుల్లిని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?”

“నిన్న మధ్యాహ్నం.”

“ఈ పొద్దున చూడలేదు.”

“లేదు.”

“సరే. అందర్నీ అడిగిందే మిమ్మల్నీ అడుగుతాను. తిరగలి దగ్గర అదృష్టవంతురాలు ఎవరమ్మా?”

ఆవిడ ఆలోచించకుండా, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, “మిగిలినామె. నోవహు మిగిలాడు కదా, నీళ్లు తీసుకుపోయింది మిగతావాళ్లని,” అంది. అన్నాక తల ఎత్తి మా ఇద్దర్నీ చూసింది. కొంగు చుట్టడం ఆగిపోయింది.

అక్క “మీరు కూర్చోండి. మాస్టార్ని కలిసి వస్తాను,” అని లేచింది.

మాస్టారు హాల్లో ముందు బెంచీ మీద ఉన్నారు. తెల్లచొక్కా, ఒళ్లో బెత్తం. ఎదురుగా వేదిక, వేదిక ముందు నేలలో బాప్తిస్మం తొట్టి. దాని చెక్కమూత మీద ఎవరో పెద్ద స్పీకరు పెట్టారు. చెవులు పగిలిపోతున్నాయి. అక్క ఆయన పక్కన కూర్చుని చెవి దగ్గర అదే ప్రశ్న అడిగింది. ఆయన పలకలేదు. బుల్లి ఎక్కడని అడిగింది. పలకలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ఆయన కుడి చేతి కఫ్ మీద ఎర్రటి మరక కనపడింది నాకు. “అక్కా, రక్తం,” అన్నాను.

అక్క ఆ కఫ్‌ని చూపుడువేలితో రుద్ది వాసన చూసింది. “తుప్పు,” అంది. “రక్తం కాదు. పద.”

*

గదిలోకి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ అమ్మగారి ఎదురుగా నిలబడి ఉన్నాడు. “ఈవిడ ఏదో దాస్తోంది మేడమ్,” అన్నాడు. మొదటిసారి ఎగతాళి లేకుండా మేడమ్ అన్నాడు.

అక్క నేరుగా చార్టు ఇటు తిప్పింది. “అమ్మగారూ, ఈ మందిరంలో మీవాళ్లందరూ వెళ్లినామెదే అదృష్టం అంటారు. ఈ పిల్ల ఒక్కతే వేరేగా ఆలోచించింది. అదీ ఈ పొద్దున, ఈ రంగు వేసేటప్పుడు. మీరు నిన్న మధ్యాహ్నం తర్వాత దాన్ని చూడలేదన్నారు. మరి ఈ మాట మీకెవరు చెప్పారు?”

అమ్మగారు బొమ్మ వైపు చూసింది. ఏడవలేదు. చాలా రోజుల బరువు దించుకున్నట్టు మాట్లాడింది.

“అదే చెప్పింది. ఇద్దరం కలిసే చేశాం. ఎంత చెప్పినా ఆయన వినలేదు. గుట్ట మీద ఎండలో చంటిపిల్లలు ఏమవుతారని బతిమాలాం. అప్పుడు దీనికి తోచింది. ఎత్తబడటం అయిపోయింది, తాను మిగిలిపోయానని ఆయనకి అనిపిస్తే, ఇంక గుట్టకి వెళ్లే పనేముంది? ఆ దెబ్బ తగిలాక పిల్ల బయటికొచ్చి ఈ బొమ్మ చూపించి, మిగలడం శాపం కాదు మాస్టారూ అని చెప్పాలని. జనం ఇలా వచ్చి కూర్చుంటారని అనుకోలేదు. వీళ్లు కదిలితేగా బయటికి తెచ్చేది.”

“నాకెందుకు చెప్పలేదు?” నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“అమ్మకి చెబితే మొహంలో తెలిసిపోతుందంది. అమ్మ నిజంగా ఏడిస్తేనే మాస్టారు నమ్ముతారంది.”

కోపం రావాలి. రాలేదు. బతికే ఉంది అన్న మాట ఒక్కటే తల నిండా గిర్రున తిరిగింది. “ఎక్కడుంది?” అన్నాను.

“ఇక్కడే. ఖాళీగా ఉంది కదా అని తొట్టి...” ఆవిడ ఆగిపోయింది. తల పక్కకి వాల్చి విన్నది. పాట కింద, పెరట్లో, ఏదో గురగురమంటోంది. “ఆ మోటారు ఎవరు వేశారు?”

సంఘపెద్ద చెప్పిన బాప్తిస్మం ఏర్పాట్లు నాకూ అక్కకీ ఒక్కసారే గుర్తొచ్చాయి. తొట్టిలోకి నీళ్లు వదిలారు.

నేను ఎలా పరిగెత్తానో తెలీదు. హాల్లో జనం కళ్లు మూసుకుని పాడుతున్నారు. ఆపండి అని అరిస్తే నన్ను ఆత్మ పట్టుకుందనుకున్నారు, ఒకావిడ హల్లెలూయా అంది. తొట్టి మూత మీద పడి స్పీకరు తోస్తే కదల్లేదు. అక్క రెండోవైపు పట్టాక పక్కకి జారింది. ఇన్‌స్పెక్టర్ పెరట్లోకి పరిగెడుతూ మెయిన్ స్విచ్ ఎక్కడ అని అరుస్తున్నాడు.

ఉన్నట్టుండి మైకు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. మోటారు ఆగిపోయింది. పాట ఒక చరణం దాకా ఈడ్చి చల్లారిపోయింది. మా కింద నీళ్ల చప్పుడు మాత్రం మిగిలింది.

“బుల్లీ.”

జవాబు లేదు. చెక్క మీద కొట్టాను. “అమ్మా బుల్లీ, నేనే.” చెవి ఆనించాను. నీళ్లు ఊగుతున్న చప్పుడు. అంతే. దానికి ఈత రాదని, నీళ్లంటే నాకున్న భయం వల్లే నేర్పించలేదని, నేను నేర్పించలేదని...

“అమ్మా,” అంది లోపలినుంచి. “ఏడవకు. నీళ్లు నడుం దాకానే వచ్చాయి. ఇందాకట్నుంచి కొడుతూనే ఉన్నా, పాటలో ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు చప్పుడాగితే, చెక్క మీదుగా గొంతు పోల్చుకోలేక, ఎవరొచ్చారో తెలీక ఊరుకున్నా. కళ్లజోడు తెచ్చావా?”

అక్క మూత ఎత్తబోయింది. రాలేదు. పక్కన ఇనుప గడియ, తుప్పు పట్టింది, గట్టిగా బిగించి ఉంది. అమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “నేను పెట్టలేదు. ప్రమాణంగా పెట్టలేదు. ఊరికే మూసి వచ్చాను.”

ఇన్‌స్పెక్టర్ వచ్చి బూటుతో తన్ని గడియ తీశాడు. నా కూతురు తడిసిన నైటీతో, గోధుమరంగు వేళ్లతో నా మీదికి వాలింది. దాన్ని తిట్టాలని నోరు తెరిచాను. తల తుడవడం మొదలుపెట్టాను.

“ఎవరు పెట్టారు గడియ?” అక్క దాన్ని అడిగింది.

“చూడలేదు. అమ్మగారు వెళ్లి, సంఘపెద్ద కేకలు వినపడ్డాక కాసేపటికి, నేను దగ్గితే ఎవరో వచ్చి మూత ఎత్తారు. కళ్లజోడు లేదు, తెల్లగా అలికినట్టు కనిపించింది. అమ్మగారా అన్నాను. పలకలేదు. మూత వేసి గడియ పెట్టారు. ఆ తర్వాత చాలాసేపు దానిమీదే కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నట్టు గొణిగారు.”

అక్క చార్టుల గదిలోకి వెళ్లి, తడి బొమ్మని చట్రంతో సహా తెచ్చి, ముందు బెంచీకి ఎదురుగా నిలబెట్టింది. మాస్టారు దాన్ని చూశారు. జనమంతా ఆయన్ని చూశారు. సంఘపెద్ద ఏదో అనబోయాడు, ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ముప్పై ఏళ్లు చెప్పింది ఈ పొద్దున నిజమైనట్టు కనపడింది. జనం నమ్మారు. మూత ఎత్తితే అబద్ధమైపోతుంది,” అంది అక్క మెల్లగా. “అంతేనా మాస్టారూ? గడియ పడేటప్పటికి నీళ్లు వదులుతారని మీకు తెలీదు. కానీ తర్వాత బాప్తిస్మం సంగతి మిమ్మల్ని అడిగారు, మోటారు చప్పుడు మీకూ వినపడింది. గడియ ఎవరు పెట్టారు?”

గోడ మీద గడియారం కూడా కరెంటుదే, అదీ ఆగిపోయి ఉంది. ఎవరో చంటిపిల్ల కేరింది, తల్లి జోకొట్టింది. అమ్మగారు వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఒళ్లోంచి బెత్తం జారి నేల మీద పడింది. ఎవరూ తియ్యలేదు. తొట్టిలో నీళ్లు ఊగడం ఆగేదాకా ఆయన ఆ బొమ్మనే చూస్తూ ఉన్నారు.

చివరికి తల ఎత్తారు. అక్క వైపు కాదు, ఇన్‌స్పెక్టర్ వైపు కాదు. నా పిల్ల వైపు.

“నేనే,” అన్నారు. “బుల్లీ, రంగు ఆరకముందే, ఆ బొమ్మ నీళ్లలో నన్ను కూడా వెయ్యమ్మా.”